నీళ్లకు ముఖం చాటేసిన రేకులు

గాజువాక, విశాఖపట్నం
12 జూన్ 2024

పూజ్యులైన మావయ్యకి,

తనుశ్రీ నమస్కారాలు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? మీ చెవి మిషను మళ్లీ సొరుగులోకి వెళ్లిపోయిందని మీవాడు సౌరభ్ మెసేజ్ పెట్టాడు. పెట్టుకోనప్పుడు కొనుక్కోవడం ఎందుకు మావయ్యా? అయినా ఫోన్లో నేను అరవడం, మీరు "ఆఁ? ఏటీ?" అనడం కన్నా ఉత్తరమే నయం. హాస్టల్లో ఉన్నప్పుడు నా ఉత్తరాల్లో తప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిరిగి పంపేవారు గుర్తుందా? నాకు తెలుగు రాయడం వచ్చింది అలాగే. ఈసారి మీ ఎర్ర కలం ఉత్తరం మీద కాదు, దీనితో పెట్టిన రెండు గ్రాఫుల మీద పెట్టండి.

రెండూ మా మందుల కంపెనీ ల్యాబ్‌లో తీసిన ఎక్స్-రే గ్రాఫులే. ఫిట్స్‌కి వాడే మందు. అవును, అమ్మ వేసుకునేదే. మొదటిది పాత బ్యాచ్, రెండోది కొత్తది. గ్రాఫులో లేచే శిఖరాలు, మా భాషలో పీకులు, అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి, కానీ కొత్తదాంట్లో మొదటి పీకు ఒక్కటే ఆకాశానికి పోయింది, మిగతావి దాదాపు నేలకి అతుక్కున్నాయి. స్ఫటికం మారిపోయిందా, లేదా? ఈ నెలాఖరికి నేను రిపోర్టు రాసి సంతకం పెట్టాలి. మా మేనేజరు సీతారాం గారు "ఏముందమ్మా, పెట్టేయ్" అంటున్నారు. ఆయన అలా అన్నప్పుడే నాకు భయం.

ముప్పై ఏళ్లు ఉక్కు ముక్కల్ని ఎక్స్-రే యంత్రంలో పెట్టి చూసిన మనిషి మీరు. కాగితం పైన కంపెనీ పేరు కత్తిరించాను. దయచేసి ఎవరికీ చూపించకండి.

అమ్మకి మాత్ర గొంతు దిగదు కదా, ఇప్పటికీ చెంచాలో నూరుకుని నీళ్లు పోసుకునే తాగుతోందా? బజ్జీల బండి దగ్గర ఎక్కువసేపు నిలబడవద్దని చెప్పండి. నా మాట వినదు.

మీ
తనుశ్రీ

---

బారిడీహ్, జంషెడ్‌పూర్
20 జూన్ 2024

చి. తనుశ్రీకి,

మావయ్య ఆశీస్సులు. ఒసేయ్ పిచ్చిదానా, దీనికా ఇంత కంగారు! నీ గ్రాఫులు చూసి నాకు నవ్వొచ్చింది.

రోలింగ్ మిల్లులో రేకుని నొక్కుతారు. నొక్కినప్పుడు లోపలున్న స్ఫటికాలన్నీ ఒకే వైపుకి తిరిగి పడుకుంటాయి. అలాంటి రేకుకి ఎక్స్-రే తీస్తే ఒక పీకు లేచి నిలబడుతుంది, మిగతావి కనబడీ కనబడకుండా ఉంటాయి. ఉక్కు మాత్రం అదే ఉక్కు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతి పిల్లాడూ అది చూసి "సర్, మెటీరియల్ బదల్ గయా!" అని, పదార్థమే మారిపోయిందంటూ పరిగెత్తుకొచ్చేవాడు. వాడిచేత టీ తెప్పించుకుని, కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు పిలిచి ఆ పాఠమే చెప్పిస్తున్నారు.

మీవాళ్లు పొడిని స్లైడు మీద వేసి వేలితో గట్టిగా అద్ది ఉంటారు. పలచని పలుకులు వెల్లకిలా పడుకున్నాయి. అంతే. పదార్థం మారలేదు, పరిచిన చేతి తేడా. ఈ మాటే రిపోర్టులో రాసి, ధైర్యంగా సంతకం పెట్టు.

మీ అమ్మ సంగతా? మొన్న బర్మామైన్స్‌లో అక్క ఇంటికి వెళ్లాను. బండి దగ్గరికి ఎవరొచ్చినా బజ్జీ చేతికిచ్చే లోపల "నానేసుకునే మందు నా గుంట సేసిందే" అని ఒకసారి నీ గొప్ప వినిపిస్తోంది. పక్కింటి పింటూ తల్లికయితే ఆ మాట కంఠతా వచ్చేసింది. డాక్టరు వేరే కంపెనీది రాస్తే కాగితం వెనక్కి ఇచ్చేసిందట. మాత్ర నూరుకోవడం మానలేదు. ఆ చెంచాని ఎవరూ ముట్టుకోకూడదు.

మీ
మావయ్య

---

గాజువాక
18 జులై 2024

మావయ్యకి నమస్కారాలు.

సంతకం పెట్టేశాను. "పదార్థం మారలేదు, నమూనా పరచడంలో వచ్చిన తేడా" అని మీ మాటే రాశాను. కొత్త బ్యాచ్ మార్కెట్లోకి వెళ్లిపోయింది. సీతారాం గారు నన్ను సీనియర్‌ని చేశారు! అమ్మకి చెప్పండి, బండి దగ్గర ఇంకో వార్త దొరుకుతుంది. కొత్త బ్యాచ్‌వే నాలుగు స్ట్రిప్పులు కొరియర్లో పంపాను.

ఒక చిన్న సంగతి. సంతకం పెట్టాక నా మనసు ఒప్పక, నేనే స్వయంగా మూడు స్లైడులు చేశాను. అద్దలేదు, పైనుంచి జల్లెడతో చల్లాను. అయినా ఆ పీకు అంతే ఎత్తుగా వచ్చింది. మీరు చెప్పారు కదా, ఇంకేం ఆలోచిస్తాంలే అని వదిలేశాను. వదిలేసినట్టే కదా?

తనుశ్రీ

---

బారిడీహ్
25 ఆగస్టు 2024

చి. తనుశ్రీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సీనియర్ అయినందుకు సంతోషం. రెండోసారి పంపిన స్ట్రిప్పులు కూడా అందాయి. ఇక్కడ వానలు. అత్తయ్య బాగుంది, సౌరభ్ బాగున్నాడు, అక్క బాగుంది.

నీ స్లైడుల సంగతి పెద్దగా పట్టించుకోకు.

ఒక మాట అడుగుతాను. ఆ మాత్ర ఉపవాసం రోజున ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి పట్టదా? ఊరికే అడుగుతున్నాను.

మావయ్య

---

గాజువాక
5 సెప్టెంబరు 2024

మావయ్యా,

మీరు ఊరికే ఏదీ అడగరు. నాలుగు పేజీల మనిషి అర పేజీ రాస్తే నాకు తెలియదా? అమ్మకి ఫోన్ చేస్తే "బాగున్నానే, బేరం ఉంది, ఒగ్గేయ్" అని పెట్టేస్తోంది. వీడియో పెట్టమంటే ఫోన్ పాడైందంటుంది. ఏమైంది?

మాత్రకి ఉపవాసంతో సంబంధం లేదు. ఖాళీ కడుపుతో వేసుకున్నా పనిచేస్తుంది.

మీకు చెప్పకూడనిది ఒకటి చెబుతున్నాను. ఇద్దరు డాక్టర్లు మా కంపెనీకి రాశారు, అదుపులో ఉన్న పేషెంట్లకి మళ్లీ ఫిట్స్ వస్తున్నాయని. పేషెంట్లు మాత్రలు మానేస్తున్నారని జవాబు పంపాం. మాత్ర కరిగే పరీక్షలో పాసయింది కదా అన్నారు సీతారాం గారు. కానీ మావయ్యా, ఆ పరీక్ష నీళ్లలో మేం సబ్బులాంటి పదార్థం ఒకటి కలుపుతాం. అందులో మొండి పదార్థం కూడా కరుగుతుంది. మనిషి కడుపులో సబ్బు ఉండదు.

వెంటనే రాయండి. మొత్తం రాయండి.

తనుశ్రీ

---

బారిడీహ్
16 సెప్టెంబరు 2024

తల్లీ తనూ,

రాయకుండా ఉండాల్సింది కాదు. అక్క తన మీద ఒట్టు పెట్టించుకుంది. "నా గుంట ఉద్యోగంలో పైకొత్తంది. ఇది సెప్పి దాని మనసు పాడు సేత్తే నీతో మాటాడను" అంది. ఆ ఒట్టు ఈ రోజు తీసి గట్టున పెడుతున్నాను.

ఆరేళ్లుగా రాని ఫిట్స్ జులై నెలాఖరులో వచ్చింది. ఆగస్టులో ఇంకోసారి. ఈ నెల తొమ్మిదో తారీఖున బండి దగ్గరే వచ్చింది. ఎడమ చెయ్యి నూనె మూకుడులో పడింది. పింటూ తల్లి లాగకపోతే మొహం కూడా పడేది. మణికట్టు దాకా కాలింది. ఆసుపత్రిలో ఉంది, ప్రాణానికి భయం లేదన్నారు.

డాక్టరు రక్తం తీయించి చూశాడు. "ఖూన్ మే దవా న కే బరాబర్ హై. మా జీ దవా ఛోడ్ దేతీ హై" అన్నాడు. రక్తంలో మందు లేనట్టేనట, అక్క మాత్రలు మానేస్తోందట. నేను నమ్మాను. నమ్మి, కట్టు కట్టించుకుని పడుకున్న మనిషి మీద కేకలేశాను.

"శనివారం ఉపవాసమని మాత్ర కూడా మానేశావేటి?"

"మాన్నేదురా పెసాదూ. ఒక్క పూటా మాన్నేదు."

"మరి మందంతా ఏమైపోయింది? గాల్లో కలిసిపోయిందా?"

"నాకేటి తెలుసు?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

సౌరభ్ నన్ను బయటికి లాక్కొచ్చి "బువా ఝూఠ్ నహీ బోల్తీ, పాపా" అన్నాడు, అత్త అబద్ధం ఆడదని. పిల్లాడికున్న బుద్ధి నాకు లేకపోయింది. బర్మామైన్స్ ఇంటికి వెళ్లి ఖాళీ అట్టలు లెక్కపెట్టాను. ఒక్క మాత్ర తేడా లేదు. రోజుకి రెండు చొప్పున వేసుకుంది. మిగిలిన మాత్రలు ఇయ్యి, పరీక్ష చేయిస్తానంటే పారేశానంది.

ఆసుపత్రి వాళ్లు వేరే కంపెనీ మాత్రలు మొదలుపెట్టారు. నీ దగ్గరున్న స్ఫటికాలు, పాతవీ కొత్తవీ, చిటికెడు చిటికెడు పంపు. జూన్‌లో ఏం మారిందో కూడా రాయి. నువ్వు నాకు అది రాయలేదు.

మావయ్య

---

గాజువాక
27 సెప్టెంబరు 2024

మావయ్యకి,

రెండు నెలలు! రెండు నెలలు మీరంతా కలిసి నా దగ్గర దాచారు. జులైలో ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ మూడు స్లైడుల్ని వదిలేసేదాన్నా? అమ్మ చెయ్యి నూనెలో పడేదా? వచ్చి మిమ్మల్ని నిలదీద్దామని టికెట్ తీసుకున్నాను, మళ్లీ రద్దు చేశాను. వస్తే అమ్మ మొహం చూడాలి. చూసి ఏమని చెప్పను?

ఎందుకంటే నేనూ దాచాను. జూన్‌లో సాల్వెంటు మార్చారు. మందుని ఏ ద్రవంలో కరిగించి స్ఫటికాలు కట్టిస్తారో ఆ ద్రవం. చవగ్గా వస్తుందని మార్చారు. ఆ సంగతి బయటికి చెప్పకూడదని మాచేత రాయించుకున్నారు. మీకు రాస్తే తప్పవుతుందని, గ్రాఫు చూస్తే మీకే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. మీరు అడగలేదు, నేను చెప్పలేదు.

దీంతో రెండు చిన్న సీసాలున్నాయి. ఎర్ర మూత పాతది, తెల్ల మూత కొత్తది. ఈ స్ఫటికం లోపల అణువులు ఎలా పేర్చి ఉంటాయో ఆ బొమ్మ కూడా గీసి పెట్టాను. ల్యాబ్ నుంచి ఇవి బయటికి తెచ్చినందుకు నా ఉద్యోగం పోవచ్చు. పోనీ.

అమ్మని సంతోషంగా ఉంచండి. ఉపవాసం మాట ఎత్తకండి.

తనుశ్రీ

---

బారిడీహ్
14 అక్టోబరు 2024

తల్లీ తనూ,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను. నా తప్పు నేనే రాయాలి, అందుకే ఆలస్యం.

ల్యాబ్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ, పాత మైక్రోస్కోపు కింద నీ సీసాలు రెండూ పెట్టి చూశాను. ఎర్ర మూతవి పటికబెల్లం ముక్కల్లా మందంగా, అన్ని వైపులా ముఖాలతో ఉన్నాయి. తెల్ల మూతవి ఇక్కడ కోడర్మా వైపు దొరికే అభ్రకం రేకుల్లా పలచగా ఉన్నాయి. ఒక రేకుని సూదితో నలిపాను. పొడి అవలేదు, ఇంకా పలచని రేకులుగా విడిపోయింది. మీ మిల్లులో ఎంత నూరినా అది రేకే.

స్లైడుని తిప్పుతూ అంచుకీ అంచుకీ మధ్య కోణాలు కొలిచాను. నీ బొమ్మతో సరిపోల్చాను. స్ఫటికం ముఖాలకి మేం పెట్టుకునే అంకెల పేర్లలో ఆ వెడల్పు ముఖం పేరు సున్నా-సున్నా-ఒకటి. అది కొలవక్కర్లేకుండానే తెలియాల్సింది నాకు. పడుకున్న రేకు పైకి ఏ ముఖం చూపిస్తుందో, ఎక్స్-రేలో ఆ ముఖం తాలూకు పీకే లేచి నిలబడుతుంది. జూన్‌లో నువ్వు పంపిన గ్రాఫులో ఆ ముఖం తన పేరు తానే చెప్పింది. నేను చూసి నవ్వాను.

ఇప్పుడు నీ బొమ్మ చూడు. అణువులో నీళ్లంటే ఇష్టమున్న కొసలన్నీ ఆ ముఖం వైపున లోపలికి తిరిగి ఉన్నాయి. నీళ్లంటే పడని జిడ్డు వలయాలు మాత్రం బయటికి వరసగా నిలబడ్డాయి. పాత ముక్కకి అలాంటి ముఖం చిన్నది, నీళ్లు మిగతా ముఖాల నుంచి లోపలికి పోయేవి. కొత్త రేకుకి ఆ ముఖమే ఒళ్లంతా. రేకుల మీద నీటి బొట్టు వేసి చూశాను. చేమాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడి, పక్కకి దొర్లిపోయింది. తడవనిది కరగదు. కరగనిది రక్తంలోకి ఎలా వస్తుంది?

పదార్థం మారలేదన్న నా మాట నిజమే. అదే నా తప్పు కూడా. ఉక్కులో స్ఫటికాలు ఒక వైపుకి పడుకున్నాయంటే మిల్లు పడుకోబెట్టింది. ఇక్కడ ఎవరూ నొక్కలేదు. కొత్త ద్రవంలో ఆ స్ఫటికం పుట్టుకే పలచన. నువ్వు అద్దకుండా చల్లానని రాసినప్పుడైనా నాకు వెలగాల్సింది. ఉక్కుని ఎవరూ నీళ్లలో కలుపుకుని తాగరు కదా, ఏ ముఖం బయటుందని నేను ఎన్నడూ అడిగి ఎరగను. తెలియదని రాయడానికి సిగ్గుపడి, తెలిసినట్టు రాశాను.

అక్కకి వెళ్లి చెప్పాను, "నువ్వు మాత్ర మానలేదు, తప్పు మాత్రదే, నన్ను క్షమించు" అని. "మరి తనూకేటవుద్ది?" అని మాత్రం అడిగింది.

కొలతలు, ఫోటోలు అన్నీ దీంతో పెట్టాను. నా పేరు రాసి సంతకం పెట్టాను. వాడుకో.

మావయ్య

---

గాజువాక
20 నవంబరు 2024

మావయ్యకి నమస్కారాలు.

నా జూన్ రిపోర్టు తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీకి రాసిచ్చాను. మీ కొలతలు జతచేశాను. మూడో రోజు నన్ను పిలిచి, నా ముందు నా రిపోర్టే పెట్టారు. "నమూనా పరచడంలో వచ్చిన తేడా అని మీరే రాశారు కదమ్మా? అంటే మీకు స్లైడు చేయడం రాదన్నమాట" అన్నారు సీతారాం గారు. నవ్వుతూ అన్నారు. నన్ను సస్పెండ్ చేశారు. సీసాలు బయటికి తీసుకెళ్లినందుకు కేసు పెడతారట.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లాను. మంచి మనిషే, మొత్తం విన్నారు. కానీ నేను దొంగచాటుగా తెచ్చిన సీసాలకి విలువ లేదట. ఆ బ్యాచ్ నంబరు ఉన్న, విప్పని స్ట్రిప్పు కావాలన్నారు. ఏ దుకాణంలోనూ లేదు. ప్యాకింగ్ తేడా అని చెప్పి కంపెనీ వాళ్లు అంతా వెనక్కి తెప్పించుకున్నారు. కంపెనీలో దాచాల్సిన నమూనాలు కూడా దొరకడం లేదట. జనవరిలో మళ్లీ అదే సాల్వెంటుతో కొత్త బ్యాచ్ మొదలుపెడుతున్నారు. అమ్మలాంటి వాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారో మావయ్యా. వాళ్లని కూడా ఎవరో ఒకరు "మాత్ర మానేశావా?" అని కేకలేస్తూ ఉంటారు.

నేను పంపిన స్ట్రిప్పుల్లో ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండేది. అమ్మ తప్పేం లేదు, ఆవిడకేం తెలుసు. నా ఉద్యోగం సంగతి ఆవిడకి ఇప్పుడే చెప్పకండి. రాత్రీ పగలూ నా సంతకమే కళ్ల ముందు ఆడుతోంది.

తనుశ్రీ

---

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
2 డిసెంబరు 2024

చి. తనుశ్రీకి. అక్క చెబుతోంది, నేను రాస్తున్నాను. ఈ ఇంట్లో ఇంక ఎవరూ ఏదీ దాచకూడదని నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఒక్క మాట కూడా మార్చి రాయవద్దంది. ఇక్కడి నుంచి మాటలన్నీ తనవే.

అమ్మా తనూ,

నాను మీ యమ్మని. నీ ఉత్తరం రెండుపాల్లు సదివించుకున్నాను. సెయ్యి మానింది. మచ్చలున్నాయి, ఉండనీ. కొత్త మాత్రలు ఏసుకున్నకాడ్నుంచి ఫిట్సు రానేదు. బండి మల్లా తీసినాను. పింటూ వాళ్లమ్మ నూనికాడ నిలబడతంది, నాను పిండి కలిపి ఇత్తన్నా.

ఇప్పుడో మాట సెబుతాను. తిట్టకు.

నాను మాత్ర సెంచాలో నూరుకుంటాను కదా. ముందరి మాత్రయితే నీళ్లు పొయ్యగానే తెల్లగా కలిసిపోయీది. నువ్వు తరవాత పంపినవి కలవనేదు. పొడంతా పైన తేలిపోయీది. ఏలితో ముంచితే మల్లా పైకొచ్చీది. ఏలికంటుకున్నది నాకేసీదాన్ని. సెంచాకి అంటుకున్నదాన్ని ఏటి సెయ్యను? మొదటి దినమే నాకు తెలిసిపోనాది, ఇందులో ఏటో తేడా ఉందని.

మరెందుకు సెప్పనేదంటావా? ఈ గలీ అంతా నా గుంట సేసిన మందని సెప్పుకున్నాను నాను. అది బాగోనేదని నా నోటితో ఎలగ సెప్పనే? నీ ఉద్యోగానికి మాటొత్తాదని నోరు మూసుకున్నాను. డాక్టరు నాను మానేసినానన్నాడు. పెసాదూ అన్నాడు. అననీ అనుకున్నాను. నా మీదకొత్తే పోయేదేటి, నీ మీదకి రాకుంటే సాలు.

(ఇక్కడ నా కలం ఆగిపోయింది తల్లీ. "రాయరా" అని మోచేత్తో పొడిచింది. — మావయ్య)

పెసాదు మాత్రలు అడిగితే పారేసినానన్నాను. అది అబద్దం. రెండట్టలున్నాయి, ఇప్పనివి. శెనగపిండి డబ్బాలో అడుగున కుక్కినాను. ఎవులైనా సూత్తే నీ కంపెనీ పేరు సదువుతారని బయం. నీకోసమని దాసినాను, అదే నీ మెడకి సుట్టుకుంది. ఇప్పుడే తీసి పెసాదు సేతిలో ఎట్టినాను. పిండి దులిపి సూసినాడు. నంబరు బాగా కనిపిత్తందంట. కూకుని ఏడుత్తన్నాడు.

పదో తారీకున టాటానగర్ టేసన్లో రైలుబండెక్కుతున్నాం, నానూ పెసాదూ. నువ్వు టేసనుకి రా. ఉద్యోగం పోతే పోయింది, నా మొకం సూడ్డానికి సిగ్గెందుకే నీకు? ఆ ఇన్‌స్పెక్టరు బాబు కాడికి ముగ్గురం ఎల్దాం.

నాకు ఇంగిలీసు రాదు, మీ మొకాల పేర్లు తెలీవు. ఆ బాబు నా మాట నమ్మక్కర్నేదు, నీ కాయితం నమ్మక్కర్నేదు. ఓ మాత్ర నూరి, సెంచాడు నీళ్లు పోసి సూడమను.

సెంచా నానే తెత్తన్నాను.

మీ యమ్మ
చిలకమ్మ